పిలిస్తే పలికే దూరం

మా అమలాపురం చుట్టుపక్కల మగవాళ్ళు ఆరుబయట ఒంటరిగా పడుకోవడం కొత్తేమీ కాదు. కళ్ళంలో ధాన్యం ఉంటే కాపలా పడక, రొయ్యల చెరువుంటే గట్టుమీద పాకలో పడక. దాన్నెవరూ సాహసమనరు. “తోడెవరు?” అని అడగరు. అదే పని ఒక ఆడది, కాపలాకి కాదు, ఊరికే తన కోసం చేస్తానంటే మాత్రం ఇల్లంతా ఉలిక్కిపడుతుంది.

నేనలా అన్నాను. ఒక్క రాత్రి, ఒక్కదాన్నీ, చిన్న టెంటు వేసుకుని పడుకుంటానని. మావారు నవ్వారు. అత్తగారు నవ్వలేదు. “ఇంట్లో నీకేం తక్కువైందమ్మా?” అన్నారు.

తీసిపారేసే ప్రశ్న కాదండీ ఇది. ఏదో తక్కువైతేనే ఆడది గడప దాటుతుందని ఆవిడ నమ్మకం. ఆవిడొక్కరిదే ఏమిటి, మనందరిదీను! రోజంతా పదిమంది పిలుపులకి పలికే మనిషి, ఎవరూ పిలవని నాలుగు గంటలు కావాలనుకుంటే అది అలక ఎలా అవుతుంది?

సరే, కోరిక న్యాయమైనదే అనుకోండి. అయినా నేను హాయిగా చుక్కలు చూస్తూ పడుకుంటే, ఇక్కడ డెబ్భై దాటిన మనిషి తెల్లవార్లూ కిటికీ దగ్గర కూర్చుంటుంది. నా ధైర్యానికి ఖరీదు ఆవిడ నిద్ర. అలా కొనుక్కోవచ్చా?

వాయిదాల మీద కొనుక్కోవచ్చనిపించింది. అయితే అవి బాకీ తీర్చే వాయిదాలు కావాలి గానీ, కోరికని వాయిదా వేయడం కాకూడదు. ఇంట్లోవాళ్ళ భయం పూర్తిగా పోయాకే వెళ్తానంటే ఈ జన్మకి వెళ్ళలేం.

మొదట డాబామీద, దోమతెర కట్టుకుని. తరవాత పెరట్లో టెంటు. నవ్వకండి, కోనసీమలో టెంటుకి జాగా వెతకడం కంటే పిల్లకి సంబంధం వెతకడం సులువు! ఎక్కడ చూసినా కొబ్బరిచెట్లే. కాయో మట్టో ఎప్పుడు నెత్తిన పడుతుందో తెలీదు. వానాకాలం సరేసరి. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు. 1996 నవంబరు 6 రాత్రి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. అందుకే సంక్రాంతి వెళ్ళనిచ్చాను. వట్టి నేలమీద మాత్రం పడుకోకూడదు. కట్లపాము తిరిగేది రాత్రిపూటే, దాని కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. అడుగు గుడ్డతో కలిపి కుట్టి, జిప్పు పూర్తిగా మూసుకునే టెంటే కావాలి.

మూడో రాత్రి ఓడలరేవు దగ్గర, మా చెల్లెలి వాళ్ళ సరుగుడు తోట పక్కన. కేకేస్తే వాళ్ళింటికి వినిపిస్తుంది. “ఇదేం ఒంటరితనమోయ్!” అన్నారు మావారు.

అమెరికాలో థోరో అని ఒకాయన 1845 జూలై 4న వాల్డెన్ చెరువు ఒడ్డున చిన్న ఇంట్లో చేరి, రెండేళ్ళ రెండు నెలల రెండు రోజులు ఒంటరిగా ఉన్నాడు. ఆ స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. ఊరు రెండు మైళ్ళు కూడా లేదు. మధ్యమధ్య అమ్మగారింటికెళ్ళి భోంచేసి వచ్చేవాడు. అది చూపించి ఆయన్ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ భోజనం సంగతి తెలిశాకే ఆయన మీద గౌరవం పెరిగింది. కొడుకెలా ఉన్నాడో ఆ తల్లి కళ్ళారా చూసుకుంది కదా!

డాబామీద పడుకున్న రాత్రి అత్తగారు మూడుసార్లు మెట్లెక్కి వచ్చి చూశారు. పెరట్లో ఉన్నప్పుడు ఒక్కసారే. ఓడలరేవు రాత్రి మాత్రం పదింటికి ఫోను చేసి, “గొళ్ళెం వేసుకున్నావా?” అని అడిగి పడుకున్నారట. టెంటుకి గొళ్ళెమేమిటి! వేసుకున్నానన్నాను. ఆ తరవాత సరుగుళ్ళ గాలి, సముద్రపు హోరు, అంతే. నన్ను పిలిచినవాళ్ళు లేరు.

వచ్చే ఏడు అంతర్వేది వైపు వెళ్దామని ఉంది. అక్కడ తన చిన్ననాటి స్నేహితురాలి ఇల్లుందని అత్తగారే చెప్పారు. తీర్థం రోజుల్లో కాదు లెండి. అప్పుడక్కడ ఏకాంతం ఆ నరసింహస్వామికే దొరకదు.