సూచన అడిగితే ఓడినట్టా?

చిక్కు ప్రశ్న ఎదురైనప్పుడు ఇంకొకరి సాయం అడగడం తప్పా? పరీక్ష గదిలో అయితే తప్పే, అందులో సందేహం లేదు. మరి బయట? పోయిన సెలవుల్లో కోయంబత్తూరులో ఒక ఎస్కేప్ రూమ్‌కు వెళ్లినప్పుడు ఈ ప్రశ్న మా మధ్య వచ్చింది.

ఎస్కేప్ రూమ్ అంటే ఒక ఆట. ఐదారుగురిని గదిలోకి పంపి తలుపు వేస్తారు. దాచిన గుర్తులు వెతికి, వాటి అర్థం విప్పి, ఒక్కొక్క తాళమే తీసుకుంటూ సాధారణంగా గంటలోపల బయటికి రావాలి. 2007లో జపాన్‌లోని క్యోటో నగరంలో తకావో కాటో అనే ఆయన ఇలాంటి ఆట నడిపించారు. తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది. మనకు ఇది మరీ కొత్తేమీ కాదు. అవ్వ పొడుపు కథ వేస్తే మనం విప్పడం లేదా? ఇక్కడ మాటలకు బదులు పెట్టెలు, తాళాలు ఉంటాయి, అంతే.

మేము చూసిన గదిలో అన్నీ చేత్తో చేసినవే. చెక్క పెట్టెలు, అట్ట మీద గీసిన పటం, గోడకు వేలాడే ముడుల తాడు. ఒక పెట్టె దగ్గర చాలాసేపు ఆగిపోయాం. సూచన కావాలంటే గంట కొట్టాలి. "అడిగితే ఓడినట్టే" అన్నాడు అన్న. "అడక్కుండా ఇక్కడే కూర్చుంటే గెలిచినట్టా?" అంది అక్క. చివరికి గంట కొట్టాం. "ముడులు లెక్కపెట్టారా?" అని మాత్రం బయటినుంచి అడిగారు. నాలుగో తరగతి చదివే తమ్ముడు వెంటనే లెక్కపెట్టి అంకెలు చెప్పాడు. అన్న తాళం మీద చెయ్యి వేయబోతే, "ఉండు అన్నా, వాడినే తీయనీ" అంది అక్క.

భారతంలో లక్క ఇంటి కథ చూడండి. వారణావతానికి బయలుదేరిన ధర్మరాజుకు విదురుడు రాబోయే అపాయాన్ని ఇతరులకు అర్థం కాని మాటల్లో చెప్పాడు. ఆ మాటలు విప్పుకున్నది ధర్మరాజే. అంతమాత్రాన ఆయన తెలివి తక్కువైందని ఎవరూ అనరు. సూచన మన ఆలోచనను నడిపిస్తుంది. జవాబు దాన్ని అక్కడే ఆపేస్తుంది. తేడా అదే.

మన పోదనూరులో రైల్వే సిగ్నల్ వర్క్‌షాపు ఉంది. పాయింటు సరిగ్గా పడి లాక్ అయితేగాని బండికి సిగ్నల్ ఇవ్వరు. ఆ వరుస తప్పితే ప్రమాదం. గైడులోనో ఫోనులోనో చూసి జవాబు రాసేయడం, పాయింటు పడకుండానే సిగ్నల్ ఇచ్చినట్టే. ఆ లెక్కకు మార్కు పడవచ్చు. అలాంటిదే ఇంకో లెక్క వస్తే మనం ఏం చేస్తాం?

అయితే ఎప్పుడూ సూచనతోనే సరిపెట్టడం కూడా న్యాయం కాదు. విదురుడు మాటతో ఊరుకోలేదు, సొరంగం తవ్వేవాణ్ణి కూడా పంపాడు. ఆపదలో ఉన్నవాడికి పొడుపు కథలు చెప్పకూడదు, చేయి అందించాలి. ఏది ఆటో, ఏది ఆపదో తెలుసుకోవడమే సాయం చేసేవారి వివేకం.

కాబట్టి అడగడం ఓటమి కాదని నా అభిప్రాయం. "జవాబు చెప్పు" అనకుండా "ఎక్కడ చూడాలో చెప్పు" అని అడగడం నేర్చుకుందాం. పెద్దలకు కూడా ఒక మనవి. మేము తడబడుతుంటే మీకు జవాబు నోటిదాకా వస్తుంది, నిజమే. కానీ కొంచెంసేపు ఆగండి. మీరు తీసిన తాళం ఒక్కసారే తెరుచుకుంటుంది. మేము తీయడం నేర్చుకుంటే, మీరు పక్కన లేని రోజు కూడా తీయగలుగుతాం.