సంఘమును నిలుపున దేది?

జగడములేని యింటిని చూచి, "ఆ యిల్లు చక్కగా నడచుచున్నది" అని మన మందుము. అత్తమాటకు కోడలు ఎదురాడదు, తండ్రి గడపలో అడుగిడినంతనే పిల్లల నవ్వు ఆగిపోవును, ఎవ్వరును గొంతెత్తరు. చూపరులకు ఇది ఐకమత్యముగానే తోచును. కాని ఆ నిశ్శబ్దము ప్రేమవలన కలిగినదో, భయమువలన కలిగినదో పొరుగువారికి తెలియదు. ఇంటిని గూర్చిన ఈ సందేహమే సంఘమును గూర్చియు కలుగుచున్నది. ఒకరి మొగ మొకరెఱుగని లక్షలకొలది జనులు ఒక కట్టుబాటునకు లోబడి ఏల జీవించుచున్నారు? వారిని కలిపియుంచునది యేది? సంఘశాస్త్రమునకు మూలమైన ప్రశ్న యిది.

భయమే యని యుత్తరమిచ్చినవాడు ఆంగ్లేయ తత్త్వవేత్త థామస్ హాబ్సు. రాజునకును పార్లమెంటునకును అంతర్యుద్ధము సాగిన కాలమున ఆతడు పారిసు నగరమున తలదాచుకొని, 1651లో "లెవయథాన్" అను గ్రంథమును ప్రకటించెను. జనులను వారి యిచ్చకు విడిచినచో ప్రతివాడును ప్రతివానికి శత్రువగును. కావున ప్రాణరక్షణకై యెల్లరును తమ స్వేచ్ఛ నొక ప్రభుశక్తికి అప్పగించి, దాని దండమునకు వెఱచి శాంతితో నుందురని ఆతని సిద్ధాంతము. స్వదేశము రెండుగా చీలి రక్తమున మునుగుట నెఱిగినవాని మాట యిది. తేలికగా త్రోసివేయదగినది కాదు. అరాచకము ననుభవింపనివారికే దండము అనావశ్యకమని తోచును.

రెండవ యుత్తరము లాభము. పందొమ్మిదవ శతాబ్దమున హెర్బర్టు స్పెన్సరు దీనిని విపులముగా ప్రతిపాదించెను. పరిశ్రమలు పెరిగినకొలది బలాత్కారము తగ్గును. ఒకని వస్తువు మఱియొకనికి కావలసియుండుటచే జనులు స్వేచ్ఛగా ఒడంబడికలు చేసికొని, వానివలననే కలిసియుందురని ఆతని తలంపు.

ఈ రెండు సమాధానములును చాలవని చెప్పినవాడు ఫ్రెంచి పండితుడైన ఎమీల్ డర్క్‌హైము. శ్రమవిభజనను గూర్చి 1893లో ప్రకటించిన గ్రంథమున ఆతడు ఒక సూక్ష్మమైన సంగతిని ఎత్తిచూపెను. ఒడంబడికకు పూర్వమే మఱియొకటి యుండవలెను. మాట తప్పుట దోషమను భావము ఇరువురి మనస్సులందును ముందుగనే లేనిచో, పత్రముమీది చేవ్రాలునకు విలువ యేమి? ఇక లాభమా, అది క్షణికము; అది నేడు కలిపినవారినే రేపు విడదీయగలదు. పూర్వసంఘములను కలిపియుంచినది పోలిక: ఒకే నమ్మకము, ఒకే ఆచారము, ఇంచుమించుగా ఒకే పని. ఆధునిక సంఘమును కలుపునది భేదమే. కన్ను చేయు పని చేయి చేయజాలదు గనుక రెండును ఒక దేహమున కలిసియున్నట్లు, భిన్నవృత్తులవారు ఒకరి నొకరు ఆశ్రయించి యుందురు.

కాని పనులు పంచుకొన్నంతమాత్రమున సంఘము కలియదని ఆ గ్రంథపు తుదిభాగముననే ఆతడు హెచ్చరించెను. శక్తినిబట్టి కాక పుట్టుకనుబట్టి పని నిర్ణయింపబడినచో అది బలవంతపు విభజన. అచ్చట కట్టుబాటు ఉండునుగాని సంఘీభావ ముండదు. కులముల యేర్పాటును ఆతడు ఈ సందర్భముననే పేర్కొనెను.

సిద్ధాంతము గ్రంథమున నున్నంతకాలము ఎవ్వరికిని బాధ లేదు. ఐదేండ్లు గడవకముందే అది పరీక్షకు వచ్చెను. డ్రేఫసు అను యూదజాతీయుడైన సైనికాధికారి జర్మనులకు రహస్యములు తెలిపెనన్న నేరముపై 1894లో శిక్షింపబడి, సముద్రమధ్యమున నొక దీవికి పంపబడెను. అసలు దోషి వేఱొకడని 1896లో సైన్యములోని యొక యధికారియే కనుగొనెను. ఐనను పెద్దలు తప్పు నొప్పుకొనరైరి. 1898 జనవరిలో ఎమీల్ జోలా పత్రికాముఖమున దీనిని బయలుపఱచగా దేశము రెండు పక్షములయ్యెను. ఒక మనుష్యునికొఱకు సైన్యగౌరవమును, దేశశాంతిని భంగపఱచుట తగదనియు, ప్రతివాడును తన బుద్ధినే ప్రమాణముగా గొన్నచో అరాచకము ప్రబలుననియు విమర్శకుడైన బ్రునెతియేరు వాదించెను.

అదే సంవత్సరమున డర్క్‌హైము దీనికి బదులు వ్రాసెను. స్వార్థము వేఱు, వ్యక్తిగౌరవము వేఱు. తన సుఖమును మాత్రమే చూచుకొనుట స్వార్థము. ఎవనియందైనను మనుష్యత్వమును పూజ్యముగా నెంచుట వ్యక్తిగౌరవము. ఆచారములును నమ్మకములును భిన్నమైన నేటి జనులకు ఉమ్మడిగా మిగిలినది ఈ యొక్క విశ్వాసమే. కావున నిరపరాధిని బలియిచ్చి సంఘమును రక్షింపబోవువాడు, సంఘమును నిలిపియున్న స్తంభమునే నఱకుచున్నాడు.

ఈ వాద మెంత సత్యమో తరువాతి చరిత్ర చూపినది. 1906లో ఉన్నతన్యాయస్థానము డ్రేఫసు నిర్దోషియని తీర్పు చెప్పెను. తప్పు నొప్పుకొన్నందువలన ఫ్రాన్సు కూలిపోలేదు. 1914లో యుద్ధము వచ్చినప్పుడు ఆ సైన్యమే దేశమును కాపాడెను. అందు డ్రేఫసు కూడ తిరిగి కొలువు చేసెను. డర్క్‌హైము కుమారుడు ఆ యుద్ధముననే 1915లో ప్రాణములు విడిచెను. న్యాయమును కోరినవారు దేశద్రోహులు కారని ఇంతకన్న వేఱు నిదర్శన మేల?

ఐనను హాబ్సు మాటను పూర్తిగా విడువరాదు. డ్రేఫసు నిర్దోషిత్వమును స్థాపించినది సద్భావము మాత్రమే కాదు; ఎల్లరును తలయొగ్గవలసిన న్యాయస్థానపు తీర్పు. దండము కావలసినదే. కాని అది న్యాయమునకు సేవకుడై యుండవలెను. న్యాయము స్థానమున తానే కూర్చుండరాదు.

మన దేశమున గ్రామములు వేలయేండ్లు కలహము లేక నడచెనని, కులధర్మమే వానిని కలిపియుంచెనని చెప్పువారు నేటికిని గలరు. కులము పనులను మాత్రమే కాక, పనిచేయువారినే మెట్లుమెట్లుగా విభజించుచున్నదని అంబేడ్కరు 1936లో చూపెను. నీళ్ళకు బావివద్ద దూరముగా నిలిచి, ఇంకొకరు తోడి పోయువఱకు వేచియున్న స్త్రీ నోరెత్తకుండుట శాంతి యని యెవరికి తోచును? కడవ చేతబట్టుకొని నిలిచినదానికి తోచదు. కట్టుబాటు మంచిదో కాదో దానివలన సుఖపడువారిని కాక, దాని బరువు మోయువారిని అడిగి తెలిసికొనవలెను.

ఇంటికి మరల వత్తము. మన యింట కలహము లేకుండుటనుబట్టి సంతసింపక, చిన్నది "ఇది న్యాయము కాదు" అని పెద్దల యెదుట నిర్భయముగా చెప్పగలుగుచున్నదా యని పరీక్షించుకొందము. ఆ మాటను విని, నిజమైనచో తమ తప్పును దిద్దుకొనగల పెద్దలున్న యిల్లే గట్టి యిల్లు. అట్టి యిండ్లు పెరిగినకొలది సంఘమును గట్టిపడును.