కనుమ దాకా ఉండేవాళ్లు

అమ్మలూ, ఈ సంక్రాంతికి అందరినీ అవనిగడ్డ ఇంటికే పిలిచావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. కడుపు నిండినట్టయింది. పెద్దత్తయ్యతో, చిన్న తాతయ్యతో ఎలా వేగాలో అని బెంగపడుతున్నావని కూడా చెప్పాడు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

భోగికి దిగినవాళ్లు కనుమ దాటేదాకా కదలరు. కనుమ నాడు కాకైనా కదలదంటారుగా. ఇంతమందితో మూడు రోజులు, పూటపూటకీ రెండు పంక్తులు. వాళ్ల తీరు మార్చాలని చూశావంటే పండగంతా నీకు అదే పనవుతుంది, ఒక్కరూ మారరు. ఎవరి తీరుకి తగ్గ పని వాళ్లకి అప్పజెప్పు తల్లీ.

మా అక్క, అదే మీ పెద్దత్తయ్య సంగతే తీసుకో. ఎవరు చేసిన అరిసెనైనా విరిచి చూసి, పెదవి విరిచి పక్కన పెడుతుంది. నీకు కోపం రావడం సహజమే. కానీ పాకం దగ్గర ఆవిడంత చెయ్యి తిరిగిన మనిషి మన వైపు లేదు. పాకం చుక్క చల్లటి నీళ్లలో వేసి వేళ్లతో కూడదీస్తే ఉండ కట్టాలని మనందరికీ తెలుసు. కాస్త ముదిరితే అరిసె రాయి, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతుంది. అక్కకి ఆ నీళ్ల గిన్నె కూడా అక్కర్లేదు. గరిట ఎత్తి పాకం జారే తీరు చూసి "దించెయ్" అంటుంది, అంతే. ఆ పొయ్యి దగ్గర పీట ఆవిడకి వెయ్యి. తన చేతి పాకానికి తనే వంక పెట్టదు.

చిన్న తాతయ్య విస్తట్లో మెతుకు మిగలనివ్వడు, పక్కవాళ్ల విస్తళ్లలోకీ తొంగిచూస్తాడు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి ఉప్పెన కథ ఎత్తుకుంటాడు. 1977 నవంబరు 19న సముద్రం దివిసీమ మీదికి వచ్చిపడి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆయనది నీ తమ్ముడి వయసు. చేలల్లోని వరి పైరంతా ఉప్పునీళ్ల పాలైంది. పిల్లలు ఆయన్ని చూసి నవ్వకుండా చూడు. వాళ్లకి కొంచెం కొంచెంగా వడ్డిస్తే మిగల్చరు, ఆయన ప్రాణం కుదుటపడుతుంది. "మాకు తెలిసిందేగా తాతయ్యా" అని మాత్రం ఎవరినీ అననివ్వకు. ఎదురు ప్రశ్న వేయించు. ఆ రాత్రి ఎవరి డాబా ఎక్కారు, తెల్లారాక మొదట తిన్నదేమిటి, ఆ గింజలు ఎవరు పంపారు అని అడిగిస్తే, నేను కూడా వినని సంగతులు చెబుతాడు.

అలాగని ప్రతివాళ్ల తీరు వెనకా ఏదో కథ ఉంటుందని తవ్వుకుంటూ కూర్చోకు. కనుమ నాడు నాటుకోడి పులుసు పక్కన పెట్టుకుని మీ బాబాయి గారెను పాయసంలో ఎందుకు ముంచుకుంటాడో నాకిప్పటికీ తెలీదు. తెలుసుకుని చేసేదేముంది? ఆయనకో గిన్నెడు పాయసం వేరే తీసిపెట్టు.

ఒక్క విషయంలో మెత్తబడకు. కొత్త కోడలు పంక్తిలో కూర్చోగానే "ఇంకా విశేషమేమీ లేదా?" అని అందరి ముందూ అడిగేవాళ్లుంటారు. పెళ్లి కాని పిల్లని, ఉద్యోగం పోయిన కుర్రాణ్ణి గుచ్చేవాళ్లూ ఉంటారు. దాన్ని చాదస్తం కింద జమకట్టకు. పులిహోర గిన్నె పట్టుకుని వాళ్ల మధ్యకి వెళ్లు. "పెద్దమ్మా, ఆ మాట ఇక్కడొద్దు" అని మెల్లగానే, కానీ గట్టిగా చెప్పు. పెద్దవాళ్లని అలా అనొచ్చా అని వెనకాడకు. పిలిచినదానివి నువ్వు, నీ ఇంట్లో ఎవరూ కన్నీళ్లతో విస్తరి ముందు నుంచి లేవకూడదు. ఆవిడ మొహం ముడుచుకుంటే ఆ సాయంత్రం నేను దగ్గర కూర్చుని మాట్లాడతాను, ఆ భారం నాకొదిలెయ్.

అరిసెలకి బియ్యం ముందు రోజే నానబోసి ఉంచు. పిండి తడారకముందే పాకంలో పడాలి. అక్కని వెంటబెట్టుకుని పొద్దున్నే మొదటి బస్సుకి దిగుతాను.