జీర్ణోద్ధారమును గూర్చి యొక విచారము

ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున, బ్రౌన్స్ లేన్ కర్మాగారమునందు 1959 మొదలు 1967 వరకు నిర్మింపబడిన జాగ్వారు మార్క్ 2 కారులో కూర్చుండినవాని దృష్టిని మొట్టమొదట నాకర్షించునది, స్పీడోమీటరును, ఇంజను చుట్లను తెలుపు మీటరును తనలో నిముడ్చుకొని చేతికందు దూరమున మెరయుచుండు అక్రోటు కొయ్యపలక. ఆ పలక అరువదేండ్ల యెండకు పచ్చబారి, మీది వార్నీషు నెఱ్ఱెలు విచ్చి, ముందటి యద్దపు రబ్బరు సందులనుండి చొచ్చిన వాననీటికి అంచులయందు పొరలేచి, జీర్ణమై కనబడినపుడు, దానిని ఊడదీసి మరల మెరుగు పెట్టవలెనను సంకల్పము యజమానునికి కలుగుట సహజము. కాని ఆ సంకల్పములో నొక ధర్మసందేహము దాగియున్నది: తీసి, గీకి, పూసి, తిరిగి బిగించిన పిమ్మట అచ్చట నుండునది ఆ పలకయేనా? మనము దానిని రక్షించితిమా, లేక దాని స్థానమున వేరొకదానిని నిలిపితిమా? ఇది కేవలము పనివాని ప్రశ్నయని త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. మన దార్శనికులు శతాబ్దములుగ వాదించుచు వచ్చినది ఈ ప్రశ్ననే.

పని తెలిసినవాడు మొదట బ్యాటరీ తీగను విప్పును. నల్లని తొడుగు గల నడిమి పలక, పైయంచున నున్న రెండు మరలను వ్రేళ్ళతో త్రిప్పి తీసినంతనే ముందునకు వంగి, స్విచ్చుల వెనుక గుంపుగూడిన రంగురంగుల తీగలను చూపును. వానిలో ప్రతిదానికి గుర్తుచీటి కట్టి, మీటర్లను ఒక్కొక్కటిగ తప్పించి, అటుపిమ్మటనే అతడు కొయ్యపలకలకు చేయి చాచును. ఊడివచ్చిన పలకను బోరగిల వేసి చూచినచో, తరచు అచ్చట కర్మాగారపు పనివారు వేసిన సంఖ్య యొకటి కనబడును. ఏ కారు కొయ్య ఆ కారునకే చెందవలెనను శ్రద్ధ దానికి కారణము, ఏలయన ఒకే దిమ్మనుండి వరుసగ తీసిన పొరలను అతికించినగాని పలకల రేఖలు ఒకదానితో నొకటి పొందవు. ఆ పొర మిల్లీమీటరైనను మందము లేనిది. కావున దానిని యంత్రముతో రుద్దుట మహాపరాధము. క్షణమాత్రములో పొర తెగి క్రింది ప్లైవుడ్డు తెల్లగ బయటపడును, ఆ తప్పిదమునకు ప్రాయశ్చిత్తము లేదు. పాత వార్నీషును మందుతో మెత్తబరచి, ఉక్కురేకుతో కొంచెము కొంచెముగ తీసి, లేచిన యంచుల క్రింద జిగురెక్కించి బరువు పెట్టి, వెలిసిన చోట్ల వర్ణమును సరిచేసి, పలుచని పూతలను ఒకదానిపై నొకటిగ వేయుచు, నడుమ నడుమ నీటితో తడిపిన సన్నని ఉప్పుకాగితముతో సమము చేయుచు, ఓపికతో ఆరనిచ్చిన తర్వాతగాని పూర్వకాంతి మరల రాదు. ఇంతకు పూర్వము ఆంగ్లేయ శిల్పులు కొయ్యసామానులకు పట్టించుచుండిన ఫ్రెంచి పాలిషునకు మూలము, మన ఛోటానాగపూరు అడవులలో కుసుమ పలాశ వృక్షములపై పురుగులు స్రవించు లక్కయే యని తలచినపుడు ఆ దూరదేశపు శిల్పముతో నాకొక బంధుత్వము తోచును.

ఈ పనిని చూచువానికి తైత్తిరీయోపనిషత్తులోని పంచకోశవిచారము స్ఫురింపక మానదు. పైపొరలను తొలగించుకొనుచు పోయినచో లోపల సత్యము భాసించునను భావన మిక్కిలి యాకర్షకమైనది. కాని ఇచ్చట అది పొసగదు. వార్నీషు క్రింద కొయ్యపొర, కొయ్యపొర క్రింద జిగురు, జిగురు క్రింద ఏ పెట్టె చేయుటకైనను పనికివచ్చు సామాన్యమైన ప్లైవుడ్డు. అంతరతమమును వెదకుచు పోయినవాడు తుదకు పలకలోని నిర్విశేషమైన భాగమును చేరి, విశేషమైనదానిని దారిలోనే నాశనము చేసికొనును. ఈ వస్తువు యొక్క మహిమ యంతయు ఆ నడిమి పొరలో నున్నది. ఆ పొరలోని సుడులును కన్నులును, చెట్టు బోదెపై గాయమువలననో వ్యాధివలననో పుట్టిన బుడిపెను కోయగా బయల్పడినవి. వృక్షము యొక్క దుఃఖమే మనకు సౌందర్యమైనది. దీనిని ఏ కోశమని చెప్పుదుము?

ఇంతకంటె దగ్గరి దృష్టాంతము మిళిందపఞ్హములో నున్నది. యవనరాజైన మిళిందుడు రథముపై వచ్చితినని చెప్పగా, నాగసేన భిక్షువు నొగ రథమా, ఇరుసు రథమా, చక్రములు రథమా యని ఒక్కొక్క యవయవమును గూర్చి యడిగి, ఏదియు కాదని రాజుచేతనే యొప్పించి, అవయవముల నాశ్రయించి యేర్పడిన వ్యవహారమే రథమని తేల్చెను. కృష్ణాతీరమున నాగార్జునకొండ యేయాచార్యుని పేర వెలసినదో ఆయన సంప్రదాయములోనే, చంద్రకీర్తి ఈ రథమును మరల తీసికొని ఏడు విధముల పరీక్షించెను. నైయాయికులు దీనికి సమ్మతింపరు. వారికి తంతువులకంటె వస్త్రము వేరైన ద్రవ్యము, అవయవి సత్యము. కాని వారి సిద్ధాంతమునందొక కాఠిన్యము కలదు. ఒక్క దారము ఊడినను పూర్వవస్త్రము నశించి ఖండపటము పుట్టునందురు. అప్పుడు ‘అదియే యిది’ యను మన ప్రత్యభిజ్ఞ, కోసిన తర్వాత మరల పెరిగిన కేశముల విషయమునందువలె, సాదృశ్యమువలన కలిగినదే యగును. ఈ మతమున, తండ్రి నడిపిన కారును నడుపుచు కుమారుడు పొందు భావము భ్రాంతి. తర్కము నిర్దుష్టమైనను నా మనస్సు దానికి లొంగదు.

బౌద్ధుని మాట విని, రథమే లేనపుడు దేనిని మార్చిననేమి యని కొందరు స్వేచ్ఛను కల్పించుకొందురు. నాకు తద్విరుద్ధముగ తోచుచున్నది. కారునకు స్వతస్సిద్ధమైన సార మొకటి యుండినచో మన చేతి మొరటుతనము దానిని తాకజాలదు; ఎంత గీకినను అది లోపల భద్రముగనే యుండును. అట్టి సారము లేక, అవయవముల ఎడతెగని పరంపరను, వానిని తరతరములుగ చూచుకొన్న మనుష్యుల శ్రద్ధను ఆశ్రయించియే అది నిలిచియున్నది గనుక, ప్రతి గీటును లెక్కకు వచ్చును.

ఈ వివాదము న్యాయస్థానమునకును ఎక్కినది. 1929, 1930 సంవత్సరములలో ఫ్రాన్సు దేశపు లె మాన్ పందెమును గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ అను బెంట్లీ కారును కోటి పౌండ్లకు విక్రయింప నొడంబడిక కాగా, ఇది ఆ కారు కాదని కొనువారు వెనుదీసిరి. 1990లో లండను హైకోర్టున జస్టిస్ ఆటన్ ఆ వ్యాజ్యమును విచారించి, 1929 నాటి భాగములలో మిగిలినవి అత్యల్పమని తేలినను, దశ వెంట దశగ తెగని చరిత్రతో వచ్చినది గనుక ఆ పేరునకు అదియే అర్హమని తీర్పు చెప్పెను. ప్లూటార్కు వర్ణించినట్లు పలకలు ఒక్కొక్కటిగ మార్పబడుచు వచ్చిన థీసియసు నావ పాత పలకలనన్నిటిని కూర్చి రెండవ నావను కట్టినచో ఏది అసలుదని 1655లో తత్త్వవేత్త హాబ్సు వేసిన చిక్కునకు కూడ ఇందులో సమాధానము కలదని నా విశ్వాసము: పలకలను పోగుచేసికొన్నవానికంటె, నావను ఏనాడును విడువక సాగించినవానిదే హక్కు.

యంత్రమును దైవముతో సమానము చేయుట నా యుద్దేశము కాదు; కాని జీర్ణమైనదానిని ఎట్లు తాకవలెనో మన ఆలయధర్మము నేర్పినంతగ మరేదియు నేర్పలేదు. పాత ప్రతిమ యే ద్రవ్యముతో, ఏ ప్రమాణముతో నుండెనో, క్రొత్తదియు ఆ ద్రవ్యముతో ఆ ప్రమాణముతోనే యుండవలెనని అగ్నిపురాణము విధించినది. ఆలయమును బాగుచేయునపుడు స్వామిని తాత్కాలికమైన బాలాలయమున సేవించుచు, పని ముగిసిన పిమ్మట మూలస్థానమున సేవింతురు; పూజ తెగదు. యాదగిరిగుట్టపై పునర్నిర్మాణము జరిగిన యేండ్లలో అట్లే జరిగి, 2022 మార్చి 28న ప్రధానాలయము తెరువబడినది. వేరొక దేవుని చూచితిమని అచ్చటి భక్తులలో నెవరును తలపలేదు.

కావున నా నిర్ణయమిది. వార్నీషు ఆదినుండియు త్యాగమునకే యేర్పడినది. ఎండను నీటిని తాను భరించి కొయ్యను కాపాడుట దాని ధర్మము, దానిని తీసివేయుటలో దోషము లేదు. కొయ్యపొర అట్టిది కాదు. చెడినంతమేరకే, అక్రోటు పొరనే, రేఖలు కలియునట్లు అతికింపవలెను. రాబోవువాడు తిరిగి తీయగలిగిన పూతనే పూయవలెను. నిగనిగల కొరకు పాత పలకలనన్నిటిని పారవేసి క్రొత్తవానిని తెప్పించుకొనుట జీర్ణోద్ధారమని నేను ఒప్పుకొనజాలను. అట్టి పలక మీ చేతికి వచ్చినచో, వెనుకనున్న పాత సంఖ్యను చెరపకుడు; దాని ప్రక్కనే మీరు చేసిన పనిని, వాడిన పూత పేరును, తేదీని పెన్సిలుతో వ్రాసి, అటుపిమ్మట బిగింపుడు.