శీలం ఒకరిది, శిక్ష ఇంటిల్లిపాదికా?



ప్రాణహింస చేయనని విహారంలో మనమంతా గొంతు కలిపి చెప్తాం. ఆ మాట మీద నిలబడితే మనకొచ్చే కష్టం మనం పడతాం, సరే. భార్యాపిల్లల మీదికొచ్చే కష్టం సంగతేంటి? వాళ్ళ కోసం శీలం వదులుకోవచ్చా?

ఆస్ట్రియాలో సెంట్ రాడెగుండ్ అనే పల్లె ఉంది. 1907లో అక్కడ ఒక పాలేరు పిల్లకు ఫ్రాంజ్ యేగర్‌స్టాటర్ పుట్టాడు. కన్నతండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. ఫ్రాంజ్ పెంపుడు తండ్రి పొలం దున్నుకుని బతికాడు. 1936లో ఫ్రాంజిస్కాను పెళ్ళాడాడు. ముగ్గురు ఆడపిల్లలు. ఆస్ట్రియాను హిట్లర్ జర్మనీలో కలిపినప్పుడు, 1938 ఓటింగులో ఊరు మొత్తమ్మీద వద్దన్నది ఆయనొక్కడే.

ఆయన 1940లో సైనిక శిక్షణకు వెళ్ళాడు. కానీ అది అన్యాయపు యుద్ధమని తేల్చుకున్నాక, 1943లో మళ్ళీ పిలుపొస్తే ఆయుధం పట్టనన్నాడు. గాయపడినవాళ్ళకు సేవ చేస్తానన్నా ఒప్పుకోలేదు. ఆయన కాథలిక్కు. వాళ్ళ బిషప్పు కూడా ముందు నీ కుటుంబాన్ని చూసుకోమనే చెప్పాడు. ఫ్రాంజిస్కా మొదట బతిమాలింది, తర్వాత ఆయన పక్షానే నిలబడింది. 1943 ఆగస్టు 9న ఆయన తల నరికారు. యుద్ధం అయిపోయాక కూడా ఆమెకు 1950 దాకా పింఛను ఇవ్వలేదు. ఊళ్ళో నిందలు పడుతూనే పొలం చేసి పిల్లల్ని పెంచింది. నూరేళ్ళు బతికి 2013లో కన్నుమూసింది.

మరి ఆ పిల్లల్ని దిక్కులేనివాళ్ళని చేసిందెవరు? తండ్రా?

బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' తీయండి. రోహిణీ నది నీళ్ళ కోసం కోలియుల మీద యుద్ధానికి శాక్య సంఘం ఓటేసింది. సిద్ధార్థుడు సైన్యంలో చేరనన్నాడు. నీ కుటుంబాన్ని వెలివేస్తాం, పొలాలు లాక్కుంటాం అని బెదిరించారు. శిక్షేదో నాకు వేయండి, తప్పు చేయని నా వాళ్ళ భూమి జోలికి పోవద్దని ఆయన అడిగాడు. పరివ్రాజకుడై దేశం విడిచాడు. యశోధర అడ్డుపడలేదు.

గమనించారా? నా వాళ్ళు ఏమైతే నాకేంటని సిద్ధార్థుడు అనలేదు. అలాగని వాళ్ళ పేరు చెప్పి యుద్ధానికీ పోలేదు. ఇంటివాళ్ళ నోటికాడి కూడు లాగి మన నోరు మూయించడం అధికారం ఎత్తుగడ. వెలి అంటే ఏంటో మన వాడలకు ఒకరు చెప్పాలా! అన్నం లాక్కున్నవాడిదే ఆ పాపం, అన్యాయాన్ని కాదన్నవాడిది కాదు.

అహింస బుద్ధునికి గుడ్డి నియమం కాదు, సూత్రం అంటారు బాబాసాహెబ్. చంపాలనే కోరిక వేరు, తప్పనిసరి అవసరం వేరు. అందుకే సిపాయిగా పోయిన ప్రతివాడినీ మనం తప్పుపట్టం. ఎవరి కోసం, ఎందుకోసం అని అడగమంటాం.

అయితే పాపం ఎవరిదో తేలినంత మాత్రాన పిల్లల కడుపు నిండదు. ఫ్రాంజిస్కా ఏళ్ళ తరబడి ఒంటరిగా మోసింది ఆ బరువునే. మన వాడలో అత్యాచారం కేసులో నిజం చెప్పిన సాక్షికి రేపట్నించి కూలి దొరకదు. అతని ఇంట్లో గింజలున్నాయో లేదో మనలో ఎవరం చూస్తున్నాం? శీలం పాటించడం ఒక్కరి పని కావచ్చు. ఆ ఇంటిని పస్తు పడుకోనివ్వకపోవడం సంఘం పని. సంఘం శరణం అంటున్నాం గదా, ఆ ఇంటికి మనమే శరణం కావాలి.