కాయకమున స్వేచ్ఛ

2002లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఇద్దరు యువకులు అట్లాసియన్ అను సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించిరి. 2005లో వారొక ఆచారమును నెలకొల్పిరి. మూడు మాసములకొకమారు ఉద్యోగులు 24 గంటలపాటు తమకు తోచిన పనిని తామే ఎన్నుకొని చేయుదురు. పిమ్మట దానిని అందరియెదుట ప్రదర్శింతురు.

అయితే స్వేచ్ఛ ఒక్కనాటి పండుగ కారాదు. 12వ శతాబ్దమున కల్యాణములోని అనుభవ మంటపమున బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య మంత్రియైన బసవేశ్వరునితో సమముగా ఆసీనులైరి. కాయకమే వారికి అర్హత.

క్రొత్తగా చేరిన కుర్రవాని సందేహమును నవ్వులపాలు చేయుచోట నూతన భావము మొలకెత్తదు. తప్పును ఎత్తిచూపినవానిని దండించినచో తప్పు దాగును గాని తొలగదు. జీతము చేతులను కొనును. మనసును గౌరవమే గెలుచును. సంస్థలు నడుపు యువకులు దీనిని మరువకుందురు గాక!