మొదటి గీత ఎవరిది?

కుంచె తాకినప్పుడే చిత్రం మొదలవుతుందని చాలాకాలం నమ్మాను. నారాయణఖేడ్ శివారులో ఆ నమ్మకం సడలింది.

జొన్నచేను కోస్తున్న ఒక స్త్రీని గీశాను. ఎర్రటి ఆకాశం, పైకెత్తిన కొడవలి నేను ఇంటివద్దనే నిర్ణయించుకొని వచ్చినవి. పటం చూసి ఆమె అన్నది: "కొడవలి గంత పైకెత్తి ఎవరు కోస్తరు సారూ? ఏళ్లు తెగుతయి." నేను గీసింది ఆమె శ్రమను కాదు, శ్రమను గురించిన నా అభిప్రాయాన్ని.

చేర్యాల నకాషీలు గుడ్డకు చింతగింజల జిగురూ సుద్దమట్టీ పట్టించి, అది ఆరిన తర్వాతనే గీతకు దిగుతారు. సిద్దిపేటలో పుట్టిన కాపు రాజయ్య (1925–2012) ఆ నకాషీ సంప్రదాయాన్ని ఆకళించుకొని పల్లెబతుకును చిత్రించారు. నేలను సిద్ధం చేసుకోవడమే ఆరంభం. నాలో లోపించింది అదే.

ఐతే చిత్రకారుడు ఉన్నదానికి నకలు తీసి ఊరుకోవాలా? అదీ కాదు. చెయ్యి ఎట్లా కదులుతుందో ఆమె చెప్పింది. ఆ చేతికి దక్కవలసింది ఎందుకు దక్కడంలేదో అడగవలసిన బాధ్యత నాది. కాని చెయ్యే అబద్ధమైనప్పుడు ఆ ప్రశ్నను ఎవరు నమ్ముతారు?

కొడవలిని చెరిపి మళ్లీ గీశాను. ఆకాశాన్ని ఎర్రగానే ఉంచాను. ఆ ఎరుపు ఆమెదా, నాదా అన్నది ఇంకా తేలలేదు.